మీకిష్టమైన విషయంతో మొదలుపెట్టండి

పరీక్షలో వచ్చిన మార్కును వద్దనే హక్కు విద్యార్థికి ఉన్న దేశానికి నాలాంటి మనిషిని చదువుకోడానికి పంపకూడదు. మౌఖిక పరీక్ష అయిపోతుంది. ప్రొఫెసర్ ఒక అంకె చెబుతుంది. తర్వాత తలెత్తి, కూరగాయల అంగడిలో అడిగినంత మామూలుగా "తీసుకుంటారా?" అని అడుగుతుంది. వద్దంటే ఆ అంకె అక్కడికక్కడే గాలిలో కలిసిపోతుంది. వచ్చే విడతలో మళ్ళీ కూర్చోవచ్చు. ఇటలీ పిల్లలు ఈ హక్కును అవసరానికి వాడుకుంటారు. నేను దాన్ని జీవన విధానంగా మార్చుకున్నాను.

విదేశీ విద్యార్థుల ఇటాలియన్ పరీక్షలో చలికాలం విడతకు నాకు ముప్పైకి ఇరవయ్యారు వచ్చాయి. వద్దన్నాను. వసంతకాలంలో ఇరవై నాలుగు వచ్చాయి. అదీ వద్దన్నాను. పద్దెనిమిది వస్తే గట్టెక్కినట్టే. నా ప్రమాణాలు ఎత్తైనవనీ, అంతకు తక్కువతో సరిపెట్టుకోలేననీ తోటివాళ్ళతో చెప్పాను. చెప్పాననడం కూడా నిజం కాదు. చెప్పాలని మనసులో చక్కగా కూర్చుకున్నాను, అంతే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నా పేరు నొరైర్. ఆర్మేనియాలోని గ్యుమ్రి నుంచి మనస్తత్వశాస్త్రంలో పరిశోధనకని పాదోవా వచ్చి మూడేళ్ళు కావస్తోంది. మనిషి తనలో తాను మాట్లాడుకునే మాట మీద నా పరిశోధన. ఈ విషయం ఎంచుకోడానికి శాస్త్రీయమైన కారణాలు చాలా రాసి ఇచ్చాను. అసలు కారణం, ఇల్లు కదలకుండా చేయగలిగిన పరిశోధన అదొక్కటే. నా లోపల ఒక మహావక్త ఉన్నాడు. ఇటాలియన్‌లో సైతం గంటలకొద్దీ మాట్లాడతాడు, చమత్కారాలు విసురుతాడు, ఎదుటివాళ్ళ నోరు మూయిస్తాడు. ఎదుటివాళ్ళు నిజంగా ఎదుట నిలబడితే మాత్రం ఆయనకు పనిబడుతుంది, లేచి వెళ్ళిపోతాడు. నేను మిగిలిపోతాను, తల ఊపడానికి.

ఇలాగే ఇంకో పదేళ్ళు గడిపేసేవాణ్ణేమో. కానీ ఆ వేసవిలో ఒక పని నా ముందుకొచ్చి కూర్చుంది. విద్యార్థుల సలహా కేంద్రంలో డాక్టర్ బెర్గమిన్ కింద శిక్షణకు ఒక్క చోటు ఖాళీ అయింది. దిగులుతోనూ భయాలతోనూ వచ్చే పిల్లల ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. పుస్తకాల మనస్తత్వశాస్త్రం నుంచి మనుషుల మనస్తత్వశాస్త్రంలోకి దాటడానికి నాకున్న దారి అదొక్కటే. జూలై విడతలో ఇటాలియన్ మౌఖికం గట్టెక్కితే సెప్టెంబరులో ఆ కుర్చీ నాది. లేకపోతే వేరొకరిది. అప్పుడు నేను నేలమాళిగలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరో ఎవరితోనో మాట్లాడిన మాటల్ని కాగితం మీదికి ఎక్కించే పనిలో కొనసాగుతాను. ఆ పని నాకు ఎంత సుఖంగా ఉంటుందో డాక్టర్ బెర్గమిన్‌కు తెలుసు. అందుకే నన్ను పిలిచి అడిగింది.

"ఒక కుర్రాడు ఏడుస్తూ లోపలికొచ్చాడనుకోండి. మీరేం చేస్తారు?"

"సరైన మాట కోసం ఆలోచిస్తాను."

"ఎంతసేపు?"

"దొరికేదాకా."

"అప్పటికి వాడు ఏడుపాపుకుని, భోంచేసి, నిద్రపోయి ఉంటాడు బాబూ. పరీక్ష గట్టెక్కి రండి. మార్కులెన్నయినా నాకొకటే. ఈసారి వద్దని మాత్రం రాకండి."

నేను మార్కులు వద్దన్న సంగతి ఆవిడకెలా తెలిసిందో అర్థం కాలేదు. ఈ ఊళ్ళో అందరూ మాట్లాడుకుంటారన్న విషయం, అందులో పాలుపంచుకోని నాకు ఎప్పుడూ ఆలస్యంగా గుర్తొస్తుంది.

మౌఖిక పరీక్షలో ఇక్కడొక వెసులుబాటు ఉంది. మొదటి ప్రశ్న ఉండదు. "మీకిష్టమైన విషయంతో మొదలుపెట్టండి" అంటారు. మాటకారులకు అది ఆట. నాకు అదొక కోటగోడ. బాగా కట్టుకుంటే దాని వెనక దాక్కోవచ్చు. ఈసారి నేను 'మౌనం' అనే విషయాన్ని ఎంచుకున్నాను. మాట్లాడే పరీక్షలో మౌనం గురించి మాట్లాడటంలో ఉన్న సొగసు నన్ను చాలా రోజులు ముగ్ధుణ్ణి చేసింది. పది నిమిషాల ప్రసంగం రాసుకున్నాను. దాన్ని బట్టీ పట్టాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కిటికీ వైపు చూడాలో, ఎక్కడ ఆగాలో కూడా నిర్ణయించుకున్నాను.

సాయంత్రాలు మా హాస్టల్ నాలుగో అంతస్తు వంటగదిలో సాధన చేసేవాణ్ణి. శ్రోత ఒక్కతే, సొలొంగో. మంగోలియా అమ్మాయి. పశువైద్యం చదువుతోంది. నాతోపాటు ఇటాలియన్ క్లాసుకు వస్తుంది, తనూ ఈ విడతలోనే పరీక్షకు కూర్చుంటోంది. ఆమె మాట్లాడుతుంటే క్రియలు కాళ్ళు విరిగి పడుతుంటాయి, ఆమె వాటిని దాటుకుంటూ పోతుంది. వెనక్కి తిరిగి చూడదు. రోజూ సాయంత్రం మా వంటగదికి వచ్చి, మాంసం కూరిన కుడుములు ఆవిరి మీద పెట్టి, అవి ఉడికేదాకా నేను చెప్పేది వింటూ కూర్చునేది.

ఒక ఆడపిల్ల రోజూ కింది అంతస్తు నుంచి ఎక్కివచ్చి నా ప్రసంగం వింటోందంటే దానికి మనస్తత్వశాస్త్రంలో ఒక పేరుంది. ఆ పేరు నాకు తెలుసు. ఆమెను నొప్పించకుండా ఎలా తప్పుకోవాలో కూడా రెండు రాత్రులు ఆలోచించి, ఒక చిన్న ప్రసంగం తయారు చేశాను. అందులో గౌరవం ఉంది, కరుణ ఉంది, కాస్త విషాదం కూడా ఉంది.

"సొలొంగో, నువ్వు రోజూ ఇక్కడికి రావడం గురించి మనం ఒకసారి మాట్లాడుకోవాలి" అన్నాను.

"ఏం, ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"అది కాదు. ఈ రావడం వెనక ఉన్న..."

"మా అంతస్తులో పొయ్యి చెడిపోయింది కదా స్వామీ. బాగుచేసేవాడు ఆగస్టు సెలవులయ్యాకే వస్తాట్ట. నీకు తెలీదా? అంటే ఇన్నాళ్ళూ నేనెందుకొస్తున్నాననుకున్నావ్?"

"పొయ్యి కోసమే అనుకున్నాను."

"మరి వెనకేంటి?"

"కుడుముల్లో ఉప్పు తక్కువైంది. అది చెబుదామని."

ఆమె ఒకటి నోట్లో వేసుకుని, సరిపోయిందే అని, నా మొహం వంక అనుమానంగా చూసింది. ఆ చూపుకు కూడా నా దగ్గర ఒక పేరుంది. దాన్ని ఆ పూట వాడలేదు.

ప్రసంగంలో ముఖ్యమైన చోటు రాగానే నేను నాకే గుర్తు చేసుకుంటూ "ఇక్కడ కాస్త ఆగాలి" అనుకునేవాణ్ణి, పైకే.

"ఎంతసేపు ఆగాలి?" అనేది సొలొంగో.

"వినేవాళ్ళ గుండె బరువెక్కేదాకా."

"అంతసేపు ఆగితే ఆఖరి బస్సు వెళ్ళిపోద్ది. సరే కానీ, మళ్ళీ మొదట్నుంచి చెప్పు. కుడుములు ఇంకా ఉడకలేదు."

"నువ్వు ప్రాక్టీసు చెయ్యవా?"

"నాది గొర్రెలు ఈనడం గురించి. చేతుల్తో చేసే పనే కదా, దానికి ప్రాక్టీసెందుకు? నోరు తెరిస్తే అదే వస్తుంది."

పరీక్ష రోజు ఎండ మండిపోతోంది. వీధిలో ఎవడో కొత్తగా పట్టా పుచ్చుకున్నవాడి మెడలో ఆకుల దండ వేసి, స్నేహితులు వాడి చిన్నప్పటి తప్పులన్నీ గట్టిగా చదివి వినిపిస్తున్నారు. వాడు చెమటలు కక్కుతూ నవ్వుతున్నాడు. పట్టా వచ్చినందుకు ఇంత శిక్ష పడే ఊళ్ళో గట్టెక్కకపోవడమే క్షేమమని నా లోపలి వక్త వ్యాఖ్యానించాడు.

వసారాలో విద్యార్థులు గోడలకు ఆనుకుని ఉన్నారు. పరీక్షకు వెళ్ళేవాళ్ళకి ఇక్కడ శుభం పలకరు. "తోడేలు నోట్లో పడు" అంటారు. "చావనీ దాన్ని" అని జవాబు చెప్పాలి. ఎవరో సొలొంగోతో ఆ మాటన్నారు.

"తోడేలు నోట్లో ఎందుకు పడాలి?" అంది ఆమె. "మా గొర్రెలు పడ్డాయి, నిజంగా. ఏం బావుండదు."

ఆమె గొంతు మామూలుగా లేదు. పెదవులు పొడిబారి ఉన్నాయి. నేను గమనించాను. గమనించడం నా వృత్తి. ఏమైనా అనాలని అనుకున్నాను. అనడం నా వృత్తి కాదు.

ఇక్కడ మౌఖిక పరీక్ష నలుగురి ముందూ జరుగుతుంది. గది తలుపులు తీసే ఉంటాయి. వెనక బల్లల మీద ఎవరైనా కూర్చుని వినవచ్చు. తమ వంతు రావలసినవాళ్ళు ఏ ప్రశ్నలు పడుతున్నాయో తెలుసుకోడానికి వస్తారు. మిగతావాళ్ళు కాలక్షేపానికి వస్తారు. ముందు బల్ల వెనక ప్రొఫెసర్ తొసాత్తో విసనకర్ర ఊపుకుంటూ కూర్చుంది. పక్కన ఆవిడ సహాయకుడు రాసుకుంటున్నాడు. నాకంటే ముందు సొలొంగోని పిలిచారు. నేను వెనక బల్ల మీద నా మొదటి వాక్యాన్ని నాలుక చివర నిలబెట్టుకుని కూర్చున్నాను.

"రండమ్మా, కూర్చోండి. మీకిష్టమైన విషయంతో మొదలుపెట్టండి" అంది తొసాత్తో.

సొలొంగో నోరు తెరిచింది. గొర్రెలు రాలేదు. ఏమీ రాలేదు. ఆమెను ఎరిగినప్పటినుంచీ ఆమె నోరు తెరిచి మాట రాకపోవడం అదే మొదటిసారి. విసనకర్ర ఆగింది. గది ఆగింది. ఇదే మౌనం అని నేను శాస్త్రీయంగా అనుకుంటూ ఉన్నాను.

"ఈ నగరంలో నేను మౌనంతో కాపురం చేస్తున్నాను" అంది సొలొంగో.

అది నా మొదటి వాక్యం.

రెండో వాక్యం కూడా నాదే. మూడోది కూడా. పట్టుకోడానికి దొరికిన కొమ్మను పట్టుకుని ఆమె దాటిపోతోంది, ఆ కొమ్మ నా వెన్నెముక. నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే మూడో వాక్యం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత రొట్టెల దుకాణం వచ్చింది.

"రొట్టెల దుకాణంలో నా వంతు రాగానే నాలో ఒక లోతైన మౌనం మేలుకుంటుంది. నేను అడగాలనుకున్న రొట్టె అడగను. వాళ్ళు ఇచ్చిన రొట్టె తీసుకుని వస్తాను. ఆ విధంగా ప్రపంచాన్ని ఉన్నది ఉన్నట్టుగా స్వీకరించడం నేర్చుకున్నాను."

గది గొల్లుమంది. నేను ఈ భాగాన్ని నా ప్రసంగానికి గర్భగుడి అనుకున్నాను. ఈ చోట వంటగదిలో నా గొంతు జీరబోయేది. సొలొంగో తన గుండ్రటి ముఖంతో, కాలు విరిగిన క్రియలతో, అమాయకంగా అదే చెబుతుంటే, అది ఎవడో ఒక వెర్రిబాగులవాడు రొట్టె కొనలేక తత్వవేత్త అయిన కథలా వినిపించింది. నవ్వు రాకుండా వినడం నాకూ కష్టమైంది. అదే భయంకరమైన సంగతి. నాకూ నవ్వొచ్చింది.

నవ్వు విని ఆమెకు ధైర్యం వచ్చినట్టుంది. గొంతు పెంచి తర్వాతి వాక్యం చెప్పి, "ఇక్కడ కాస్త ఆగాలి" అని కూడా చెప్పి, ఆగకుండా ముందుకు పోయింది.

సహాయకుడు కలం కింద పెట్టేశాడు. తొసాత్తో విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి తీసి, "చాలమ్మా. చాలా బావుంది. ఇప్పుడు మీ చదువు గురించి చెప్పండి" అంది. అప్పుడు గొర్రెలు వచ్చాయి. చలికి గడ్డకట్టిన చేతుల్ని ఎలా వెచ్చబెట్టుకోవాలో, అడ్డం తిరిగిన పిల్లను లోపలే ఎలా తిప్పాలో, తల్లి ఎప్పుడు తంతుందో అన్నీ వచ్చాయి. తొసాత్తో ప్రశ్న మీద ప్రశ్న వేసింది. చివరికి "ఇరవయ్యేడు" అంది. "తీసుకుంటారా?" అనడం పూర్తికాకముందే సొలొంగో "తీసుకుంటా, తీసుకుంటా" అని లేచింది. నా పక్కనుంచి వెళ్తూ తల పైకెత్తలేదు.

తర్వాత నా పేరు పిలిచారు.

కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. "మళ్ళీ వచ్చారా నొరైర్? సంతోషం. మీకిష్టమైన విషయంతో మొదలుపెట్టండి" అంది తొసాత్తో.

నాకిష్టమైన విషయం ఇప్పుడే లేచి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంది. అదే ప్రసంగం నేను మళ్ళీ చెబితే దొంగను నేనవుతాను. ఇలాంటి వ్యవహారాల్లో రెండోసారి వచ్చినవాడే దొంగ. అసలు సంగతి చెబితే సొలొంగో ఇరవయ్యేడు ఏమవుతుందో తెలియదు. వేరే విషయం నా దగ్గర లేదు. లోపలి వక్త కోసం వెతికాను. ఆయన ఎప్పటిలాగే పనిమీద వెళ్ళాడు.

అప్పుడు నాలో ఒక భావం నెమ్మదిగా పైకి తేలింది. అది భయమేమో అనుకున్నాను. సిగ్గేమో అనుకున్నాను. దగ్గరికొచ్చాక పోల్చుకున్నాను. అది హాయి. ఇక మాట్లాడనక్కర్లేదు. తప్పు నాది కాదు. ఎవరూ ఏమీ అనలేరు. నేలమాళిగ చల్లగా ఉంటుంది. మూడేళ్ళుగా మనసును చదువుతున్నవాణ్ణి, నా మనసు నన్ను ఇంత తేలిగ్గా అమ్మేస్తుందని అనుకోలేదు. చలికాలంలో ఇరవయ్యారు వద్దన్నప్పుడు కూడా ఇదే హాయి కలిగింది. దానికి ఆత్మగౌరవం అని పేరు పెట్టి ఇంటికి తీసుకెళ్ళాను.

ఇంత తెలిసినా నా నోటి నుంచి వచ్చింది "నేను విరమించుకుంటాను" అనే.

"ఈసారి మార్కు చెప్పకముందే వద్దంటున్నారే" అంది తొసాత్తో.

వెనక నవ్వారు. నేను లేచాను. వెనక బల్ల దగ్గర ఎవరో నాకంటే చప్పుడుగా లేచారు.

"మేడమ్, ఆ మౌనం నాది కాదు, ఆయనది" అంది సొలొంగో. "నా గొర్రెలు ఎటో పోయాయి. నోరు తెరిస్తే ఇదే వచ్చింది. రోజూ వినీ వినీ నాదేదో ఆయనదేదో తెలీకుండా పోయింది. నేను కావాలని తియ్యలేదు. కావాలంటే నా మార్కు వెనక్కి తీసుకోండి. ఆయన్ని మాత్రం కూర్చోబెట్టండి."

తొసాత్తో నా వైపు తిరిగింది. "నిజమేనా?"

అవును అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ ఒక అమ్మాయి నలుగురి ముందూ లేచి తన ఇరవయ్యేడును బల్ల మీద పెట్టేసరికి, నాలో ఎన్నడూ లేని ఒక పౌరుషం పుట్టింది. అది కూడా ఎక్కడో చదివిన పౌరుషమే అయి ఉంటుంది.

"కాదు. ఆ ప్రసంగం నాది కాదు" అన్నాను.

"అబద్ధం" అంది సొలొంగో. "ఎందుకలా చెప్తావ్?"

"మీరు కూర్చోండమ్మా. మీరూ కూర్చోండి బాబూ. మీది కాదని మాకెలా తెలుస్తుంది?"

కూర్చున్నాను. "నేనైతే అలాంటిది రాయను" అన్నాను. "అందులో నిజం లేదు."

"బావుందన్నానే నేను. ఎక్కడ నిజం లేదో చెప్పండి."

"రొట్టె దగ్గర."

"రొట్టె దగ్గరేం?"

"ఈ మనిషి ప్రపంచాన్ని ఏమీ స్వీకరించలేదు. ఈ మనిషికి ఆలివ్ కాయల రొట్టె గిట్టదు. అయినా మూడేళ్ళనుంచి అదే తింటున్నాడు. దుకాణంలో ఆవిడ 'ఇంకేమైనా కావాలా?' అంటుంది. ఈయన తల ఊపుతాడు. అది అవునో కాదో ఆవిడకి తెలీదు. ఆవిడ ఇంకో రొట్టె కట్టి ఇస్తుంది. ఈయన రెండు రొట్టెలతో ఇంటికొచ్చి, మౌనం అని ప్రసంగం రాస్తాడు."

"రెండో రొట్టె ప్రసంగంలో లేదు" అంది సొలొంగో వెనకనుంచి.

"లేదు. దాచాడు. రెండో రొట్టె చెబితే ఎవరైనా నవ్వుతారు."

"మరి మీకెలా తెలిసింది, దాచిన రొట్టె?" అంది తొసాత్తో.

"ఇలాంటి మనుషుల మీదే నా పరిశోధన."

వెనక బల్లలు నవ్వాయి. ఆ నవ్వు నా వీపుకు తగిలింది. ఇదివరకైతే ఆ దెబ్బకు నోరు మూతపడేది. ఈసారి నవ్వుతున్నది ఆ వెర్రిబాగులవాణ్ణి చూసి, నన్ను చూసి కాదు. నేను వాణ్ణి పట్టుకొచ్చి నిలబెట్టినవాణ్ణి. ఆ ధీమాలో మాట్లాడుకుంటూ పోయాను. క్రియలు పడిపోతున్నాయి. వాటి చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఏరుకోడానికి వంగితే వాడు తప్పించుకుపోయేలా ఉన్నాడు.

"మౌనమంటే ఎదుటివాళ్ళ మాట కోసం చోటు ఖాళీ చెయ్యడం" అన్నాను. "ఈయన ఎవరికీ చోటివ్వలేదు. ఎవరన్నా మాట్లాడుతుంటే లోపల తన జవాబు దిద్దుకుంటూ ఉంటాడు. అది పూర్తయ్యేసరికి వాళ్ళు వెళ్ళిపోతారు. అప్పుడు వాళ్ళకి లోతు లేదంటాడు."

"అది మాత్రం నిజం" అంది సొలొంగో. "కానీ మేడమ్, అన్నీ అలా కాదు. ప్రసంగంలో మంచు గురించి ఒకటుంది, అది బావుంటుంది. ఆయన ఊరికే తిడుతున్నాడు."

"మంచు గురించింది ఇంకా ఘోరం" అన్నాను. "వాళ్ళ ఊరి మంచు మీద ఏ శబ్దమూ ఉండదని రాశాడు. గ్యుమ్రిలో మంచు పడితే పొరుగింటాయన తెల్లారకముందే పారతో రోడ్డు గీకుతాడు, గీకుతూ పాడతాడు. ఆ శబ్దానికి ఎవరూ నిద్రపోరు."

"గ్యుమ్రీనా?" అంది తొసాత్తో. "ఈ అమ్మాయిది మంగోలియా కదా."

ఆగాను. ఇది నేను ముందుగా గుర్తు పెట్టుకున్న ఆగడం కాదు.

"మంగోలియాలో కూడా పారలుంటాయి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ముందుకు వంగింది. "సరే. ఎవరో ఒకరు. ఆ మనిషికి దేనికి భయం?"

"తప్పు మాట వస్తుందేమోనని."

"అంతేనా?"

అంతేనని చెబుదామనుకున్నాను. ఆ జవాబు నా సిద్ధాంత గ్రంథంలో రెండో అధ్యాయంలో ఉంది. కానీ ఆవిడ ఎదురుచూస్తోంది. వెనక గది ఎదురుచూస్తోంది. వాళ్ళు ఎదురుచూస్తుంటే ఆ జవాబు పొట్టిగా కనిపించింది.

"కాదు. సరైన మాటే వస్తుందేమోనని. అది వస్తే ఎదుటివాళ్ళు జవాబు చెబుతారు. దానికి మళ్ళీ తను జవాబు చెప్పాలి. అలా సాగుతుంది. ఎక్కడ ఆగుతుందో తెలీదు. తప్పు మాటైతే నయం, నవ్వి వదిలేస్తారు."

"అంత భయమున్నవాడు మౌఖిక పరీక్షకు ఎందుకొస్తాడు?"

"వద్దనడానికి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మాట నాకు కూడా అప్పుడే తెలిసింది, వాళ్ళతోపాటే. నేను ఇంకా ఏదో చెబుతున్నాను. తొసాత్తో చెయ్యెత్తి ఆపింది. సహాయకుడి చెవిలో ఏదో అంది. ఆయన భుజాలెగరేశాడు.

"ఇరవై ఒకటి" అంది నాతో. "వ్యాకరణం మంచు దగ్గర పారేసుకున్నారు, మళ్ళీ దొరకలేదు. తీసుకుంటారా?"

లోపలి వక్త పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇరవయ్యారు వద్దన్నవాడివి, ఇరవై నాలుగు వద్దన్నవాడివి అన్నాడు. మెట్లు దిగుతూ వచ్చి ఈ ఆఖరి మెట్టు మీద కూర్చుంటావా అన్నాడు. పోనీ, ఇంకొక్క విడత ఆగితే, ఈ కొత్త ధోరణిలో, కాస్త మెరుగుపెట్టుకుని... ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆ హాయి మళ్ళీ నా కాళ్ళ దగ్గర కుక్కలా చేరి తోకాడిస్తోంది. దాన్ని చూడకుండా ఉండటం నా చేత కాలేదు. కుర్చీ అంచులు పట్టుకుని కూర్చున్నాను. నేలమాళిగ ఎంత చల్లగా ఉంటుందో, సలహా కేంద్రంలో ఆ ఎదురు కుర్చీ ఎంత దగ్గరగా ఉంటుందో రెండూ ఒకేసారి కనిపించాయి.

"బాబూ, బయట ఇంకా జనం ఉన్నారు" అంది తొసాత్తో.

"తీసుకుంటాను."

ఎంత చిన్నగా అన్నానంటే సహాయకుడు "ఏమన్నారు?" అని అడిగాడు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం.

సంతకం పెట్టాక గుర్తొచ్చింది. "మేడమ్, మరి సొలొంగో మార్కు?"

"దానికేమైంది? నేనిచ్చింది గొర్రెపిల్లలకి. 'ఇక్కడ కాస్త ఆగాలి' అని కూడా అప్పజెప్పాక అది ఎవరి మౌనమో కనుక్కోడానికి నాకు మీ వాంగ్మూలం కావాలా? రెండు విడతలు మిమ్మల్ని విన్నాను కదా." విసనకర్ర మళ్ళీ ఊపడం మొదలుపెట్టింది. "ఆ మనిషి ఎక్కడన్నా కనిపిస్తే రొట్టె అడిగి తీసుకోమని చెప్పండి. వెళ్ళిరండి."

అంటే నా త్యాగం ఎవరికీ అక్కరలేదు. నా జీవితంలో చేసిన ఒకే ఒక్క వీరోచితమైన అబద్ధం మొదటి నిమిషంలోనే అందరికీ తెలిసిపోయింది. నేను మాత్రం దాన్ని కాపాడుతూ నా పరువు మొత్తం ఖర్చుపెట్టాను.

వసారాలో సొలొంగో కోపంగా నిలబడి ఉంది.

"నాదే అని ఒక్క మాట చెప్తే నీ నోరు పడిపోయేదా?"

"నీ మార్కు పోతుందని..."

"పోతే పోనీ. నేనిస్తానన్నాగా. నేనిచ్చింది ఎవరూ తీసుకోరేంటి? పైగా అంత కష్టపడి అప్పజెప్పినదాన్ని అందరి ముందూ అలా చీల్చి పెడతావా? నాకా ప్రసంగం నచ్చింది తెలుసా. రోజూ ఊరికే విన్నాననుకున్నావా?"

"పొయ్యి కోసం అన్నావుగా."

"పొయ్యి కోసమే. వచ్చినదాన్ని చెవులు కింద పెట్టి వస్తానా?"

దీనికి చెప్పవలసిన జవాబు నాలో నెమ్మదిగా రూపు కడుతోంది. మంచి జవాబు. మధ్యలో ఒక పోలిక కూడా ఉంది. అది పూర్తయ్యేలోపు ఆమె వసారా చివరికి వెళ్ళిపోయింది. "సొలొంగో, ఆగు" అని అరిచాను. పరీక్ష గదిలోంచి ఎవరో ష్ అన్నారు. ఆమె ఆగింది. జవాబు సగమే తయారైంది.

"నువ్వు చెబితేనే బావుంది" అన్నాను. "నేను చెబితే బావుండదు అది."

"అది నాకు తెలుసు" అంది. కోపం పూర్తిగా పోలేదు. "డాక్టరమ్మకి ఫోను చెయ్యి ముందు. వేరేవాళ్ళకి ఇచ్చేస్తుంది."

నేను ఫోనులో మాట్లాడను. రాసి పంపుతాను. పంపేముందు చాలాసార్లు దిద్దుతాను. కానీ ఆమె చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. అక్కడే, వసారా చివర ఎండలో, నంబరు నొక్కాను. మోగుతున్నంతసేపూ ఎవరూ ఎత్తకూడదని కోరుకున్నాను. రెండోసారి మోగగానే ఎత్తింది.

"నొరైర్ని మాట్లాడుతున్నాను డాక్టర్. గట్టెక్కాను. ఇరవై ఒకటి. తీసుకున్నాను."

"శుభం. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చెయ్యండి" అందావిడ.

అక్కడితో పెట్టేయవచ్చు. పెట్టలేదు. ఎలా తీసుకున్నానో చెప్పడం మొదలుపెట్టాను. సొలొంగో గొర్రెలు ఎటు పోయాయో చెప్పాను. రెండో రొట్టె సంగతి చెప్పాను. అది నేనేనని కూడా చెప్పాను. గ్యుమ్రి మంచు దగ్గర ఎలా దొరికిపోయానో, ఆ హాయి గురించి, అది కుక్కలా తోకాడించడం గురించి, దానికి ఇంతకాలం నేను పెట్టుకున్న పేర్ల గురించి చెప్పాను. సొలొంగో చేతులు దించేసి, నా వంక చూసి, గోడ నీడలోకి వెళ్ళి కూర్చుంది. ఫోనులో అవతల ఎవరో తలుపు తట్టడం, ఆవిడ ఒక్క నిమిషం అనడం కూడా వినిపించాయి.

"బాబూ, నొరైర్" అంది డాక్టర్ బెర్గమిన్ చివరికి. "మీరిక్కడికి వచ్చేది వినడానికి. గుర్తుందిగా?"

గుర్తుందన్నాను. ఇంకా ఒక వాక్యం మిగిలి ఉంది. అది కూడా చెప్పి, అప్పుడు పెట్టేశాను.